చీట్లు వేసే ముందు

శుక్రవారం, రాత్రి.

ఈ రోజు ఉపవాస కూడిక ముగిసిన తరువాత మా సంఘంలోని ఒక అక్క నన్ను పక్కకు పిలిచి, కూతురికి వచ్చిన రెండు సంబంధాలను రెండు చీటీల మీద రాసి బైబిలులో పెట్టుకొని వచ్చానని, ప్రార్థన చేసి ఒకటి తీయమని అడిగింది. దేవుని చిత్తం తప్పిపోతామేమోనన్న భయం ఆమె గొంతులో స్పష్టంగా వినిపించింది. బిడ్డకు పెళ్లి చేయబోయే తల్లికి ఆ భయం ఉండదా? అయినా నేను చీటీ తీయలేదు.

యేసును అప్పగించిన యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి అపొస్తలులు చీట్లు వేయలేదా అని ఆమె అడిగింది. వేశారు. అయితే అది అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలోని సంగతి. 2వ అధ్యాయంలో, పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ దిగివచ్చిన తరువాత విశ్వాసులు అలా చీట్లు వేసినట్లు కొత్త నిబంధనలో మరెక్కడా కనిపించదు. 15వ అధ్యాయంలో యూదులు కాని విశ్వాసులు సున్నతి పొందాలా అన్న విషయమై వివాదం రేగినప్పుడు పేతురు లేచి మాట్లాడాడు, బర్నబా, పౌలు తమ పరిచర్యలో దేవుడు చేసినవాటిని వివరించారు, యాకోబు ప్రవక్తల మాటలు ఎత్తి చూపాడు. అంత చర్చ జరిగాకే వారు ‘పరిశుద్ధాత్మకును మాకును తోచెను’ అని రాయగలిగారు. దేవుని చిత్తాన్ని వెదకడంలో ఒకరి మాట ఒకరు వినడం కూడా భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే అమ్మాయి ఏమంటోందని అడిగాను. దాన్ని ఇంకా అడగలేదని అక్క చెప్పింది. మాటల్లోనే మరో సంగతి బయటపడింది: ఒక సంబంధం వారు కట్నం కోసం పట్టుబడుతున్నారట. న్యాయముగా నడచుకొనుట, కనికరమును ప్రేమించుట, దీనమనస్సు కలిగియుండుట దేవుడు కోరేవని మీకా 6:8 ఇదివరకే చెప్పి ఉండగా, ఆ సంబంధాన్ని చీటీ మీద రాసి మళ్లీ ఆయన ముందు పెట్టవలసిన అవసరమేమిటి?

ఇంటికి వచ్చాక మత్తయి 26వ అధ్యాయం మళ్లీ చదివాను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ప్రార్థించినప్పుడు ప్రభువు తన కోరికను దాచుకోలేదు. సాధ్యమైతే ఈ గిన్నె, అంటే తనకు రాబోయే శ్రమ, తొలగిపోనిమ్మని ముందు అడిగి, ఆ తరువాతే తండ్రి చిత్తానికి లోబడ్డాడు. రెండవమారు మాట మారింది: త్రాగితేనే గాని అది తొలగిపోవడం సాధ్యం కాకపోతే నీ చిత్తమే సిద్ధించుగాక అన్నాడు. మూడవమారు ఆ మాటలే పలికాడు. ఆయనంతటివాడే ముమ్మారు ప్రార్థించిన చోట, మనసులోని ఆశను బయటపెట్టకుండానే ‘నీ చిత్తం ప్రభువా’ అని మనం తొందరగా ముగించే ప్రార్థనలో లోబడడం ఎంత ఉందో ఆలోచించవలసిందే.

కనుక ఈ రాత్రి నేను నా కోరికనే ముందు చెప్పాను: ఆ కట్నం అడిగే ఇంటికి ఈ బిడ్డ వెళ్లకూడదు ప్రభువా, రెండవ సంబంధం కూడా ఆమెకు ఇష్టం లేకపోతే తల్లికి వేచియుండే ధైర్యం ఇవ్వు అని. రేపు అక్క కూతురితో మాట్లాడుతుంది. ఆదివారం ఆరాధన తరువాత మేము ముగ్గురం కలిసి ప్రార్థన చేస్తాము.