అమ్మ పేరుతో ఒక పేజీ

అమ్మ పోయిన నాలుగో రోజు పెద్దకర్మ కార్డు ప్రూఫు వాట్సాప్‌లో వచ్చింది. ఫలానావారి ధర్మపత్ని, ఫలానావారి తల్లి, అత్తగారు, అమ్మమ్మ. అచ్చుతప్పులు లేవు. కానీ అందులో అమ్మ కనబడలేదు. రేపల్లెలో మా వసారాలో ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు మిషను కుట్టడం నేర్పిన మనిషని ఒక్క ముక్క లేదు. కార్డులో అంత చోటుండదు, నిజమే. డల్లాస్ నుంచి రాలేకపోయిన చెల్లి ఆ రాత్రి ఫోన్‌లో ఏడుస్తూ, "అక్కా, అమ్మ గురించి నెట్‌లో ఒక పేజీ పెట్టవా, ఇక్కడ నేనొక్కదాన్నే కూర్చుని చదువుకుంటాను" అంది.

గూగుల్ సైట్స్‌లో మొదలుపెట్టాను. డబ్బు కట్టక్కర్లేదు, తర్వాత ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు. ప్రెస్‌వాళ్ల ఫైలులోంచి పేర్లు కాపీ చేసి పెడితే అన్నీ పిచ్చి గుర్తులు వచ్చాయి. కార్డును ప్రెస్‌వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టారట, అవి ఫోన్లలో, నెట్‌లో తెలుగు కనబడే యూనికోడ్ పద్ధతివి కావు. ఫోన్‌లో మళ్లీ మొదటినుంచీ టైప్ చేశాను. ఆ టైప్ చేయడంలోనే కార్డు మాటలు ఒక్కొక్కటీ వదిలేసి, నా మాటలు రాసుకుంటూ పోయాను.

ఫోటో దగ్గర చాలాసేపు ఆగిపోయాం. అమ్మ ఒక్కతే ఉన్నది ఆధార్ కార్డు ఫోటో, మిగతావన్నీ పెళ్లిళ్లలో గుంపులో దిగినవి. చివరికి నా పాత ఫోన్‌లో ఒకటి దొరికింది. మెడలో టేపు, చేతిలో కత్తెర, ఎవరి జాకెట్టో కత్తిరిస్తూ తల పైకెత్తి చూస్తోంది. కాస్త మసకగా ఉంది. "పట్టుచీర కట్టుకున్నది పెట్టమ్మా" అన్నారు నాన్న. ఫోన్ చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "సరే, ఇదే ఉంచు" అన్నారు.

పుట్టినతేదీ ఇంకో చిక్కు. రికార్డుల్లో జూలై 1. అప్పట్లో బడిలో చేర్చుకునేటప్పుడు చాలామందికి పంతులుగారు వేసిన తేదీయే అది. అమ్మ మాత్రం, "ఉప్పెన నాటికి నాకు పంతొమ్మిదేళ్లు, పెళ్లయి ఆరు నెలలు" అనేది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అందుకని పేజీలో 1958 అని సంవత్సరం ఒక్కటే రాశాను. అది మంచిదే అయింది. పూర్తి పుట్టినతేదీ, ఇంటి అడ్రసు, అమ్మ పుట్టింటి పేరు అన్నీ ఒకేచోట పెడితే మోసగాళ్లకు పనికొస్తాయి. పోయిన రోజుకు మాత్రం తేదీ, తిథి రెండూ రాశాను. అర్ధరాత్రి దాటాక పోయింది కాబట్టి, ఆ వేళకు ఏ తిథి ఉందో పురోహితుడిగారిని అడిగి మరీ వేశాను. ఏడాది తిరిగాక మా చెల్లి తద్దినం లెక్క చూసుకోవాలంటే అదే కావాలి.

ఫేస్‌బుక్ సంగతి మర్చిపోయాం. జూలై 1న అమ్మ పుట్టినరోజంటూ బంధువులందరికీ నోటిఫికేషన్ వెళ్లింది. ఇద్దరు ముగ్గురు శుభాకాంక్షలు కూడా రాశారు, పాపం వాళ్లకు తెలియదు. అవి చూసి చెల్లి రెండు రోజులు మనిషి కాలేదు. మరణ ధ్రువపత్రం జతచేసి అర్జీ పెడితే ఆ ఖాతాను స్మారక ఖాతాగా మారుస్తారు. పేరు దగ్గర 'రిమెంబరింగ్' అని వస్తుంది, పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది. అయితే ఆ తర్వాత పాస్‌వర్డ్ తెలిసినా ఎవరూ లాగిన్ కాలేరు. మనవలతో అమ్మ దిగిన ఫోటోలన్నీ ముందే దించుకుని, అప్పుడు పంపాను. ధ్రువపత్రం చేతిలో ఉండబట్టి సరిపోయింది. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయిస్తే రుసుము ఉండదని పక్కింటి బాబాయిగారు పట్టుబట్టి నాన్నను తీసుకెళ్లారు.

లింకు ఎవరెవరికి చేరిందో తెలియదు. మొన్న చీరాల నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "అమ్మా, మీ అమ్మా నేనూ పెళ్లికి ముందు ఒకే మిషను మీద నేర్చుకున్నాం. తను ఉదయం, నేను సాయంత్రం. మిషను కొనుక్కోవడానికని వేరుశెనక్కాయలు ఒలవడానికి వెళ్లి డబ్బులు దాచేది, చెప్పలేదా?" అన్నారు. మాకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ చెప్పినదంతా అడిగి అడిగి రాసుకున్నాను. ఆ రాత్రే మసక ఫోటో కింద, చీరాల రోజులని ఇంకో పేరా చేర్చి చెల్లికి పంపాను.