ప్రయాగలో గుండు, కాశీలో గేటు

2024 కార్తీకంలో అమ్మను, మామయ్యను వెంటబెట్టుకొని కాశీకి బయలుదేరే ముందు నేను పెట్టుకున్న పనుల్లో ఒకటి, ముగ్గురికీ డిజియాత్ర యాప్‌లో పేర్లు నమోదు చేయడం. మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్న అమ్మ విమానాశ్రయం వాకిట్లో క్యూలో ఎక్కువసేపు నిలబడలేదు. కాగితం, కార్డు చూపకుండా ముఖం చూపి లోపలికి వెళ్లే ఈ ఏర్పాటు 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో మొదలై, మరుసటి ఏడాది విజయవాడకు, ఆ తరువాత హైదరాబాదుకు వచ్చింది. వెళ్లేది శంషాబాదు నుంచి, తిరిగి వచ్చేది వారణాసి నుంచి కనుక రెండు వైపులా పనికొస్తుందనుకున్నాను.

మామయ్య మొదటి రోజే వద్దన్నాడు. "నా ముఖం నా దగ్గరే ఉండనీరా, వాళ్లకెందుకు?" అన్నాడు. వివరాలు మన ఫోనులోనే ఉంటాయని, ప్రయాణానికి ముందు ఆ విమానాశ్రయానికి మాత్రమే పంపుతామని, విమానం వెళ్లిన 24 గంటల్లో అక్కడ చెరిపేస్తారని నిర్వాహకులు చెప్పే మాటే నేనూ ఆయనకు చెప్పాను. "చెరిపేశారని నీకెవరు చెప్పారు?" అని ఆయన అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. దీన్ని నడుపుతున్నది ప్రభుత్వ శాఖ కాదు, ప్రభుత్వ రంగంలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం, మిగిలినది ప్రైవేటు విమానాశ్రయాలకు వాటా ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. పైగా ఇది ఇష్టమైనవారికే తప్ప తప్పనిసరి కాదు కాబట్టి ఆయనను ఆయన దారికి వదిలేశాను.

అసలు తిప్పలు అమ్మ విషయంలో మొదలయ్యాయి. యాప్ ఆధార్ వివరాలను, మన పత్రాలను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే ప్రభుత్వ ఏర్పాటు డిజిలాకర్ ద్వారా తెచ్చుకుంటుంది, అందుకు ఆధార్‌తో జతపడిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. అమ్మ ఆధార్‌కు జతపడి ఉన్నది ఎప్పుడో ఆగిపోయిన నాన్నగారి నంబరు. నంబరు మార్చడానికి కాగితాలేవీ అక్కరలేదు, 50 రూపాయలు, వేలిముద్ర చాలునన్నారు. ఆ వేలిముద్రే పడలేదు. నలభై ఏళ్లు పాడి, పొలం, అంట్లు చూసుకున్న చేతులు. కేంద్రంలోని అమ్మాయి తడిబట్టతో తుడిచి, పది వేళ్లూ ఒక్కొక్కటిగా అద్దం మీద ఒత్తించి చూసి, చివరకు కనుపాపను ఫోటో తీసే పరికరాన్ని అమ్మ కళ్లకు ఆనించింది. అది ఒప్పుకుంది. నంబరు వారంలోపే మారింది.

ఇక పేరు. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది, అదీ తరచుగా ఒక్క పొడి అక్షరంగా. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. నేను టికెట్టు కొన్నప్పుడు అలవాటు కొద్దీ పొడి అక్షరం ముందు వేశాను. బోర్డింగ్ పాసును యాప్‌లోకి ఎక్కించబోతే పేర్లు కలవడం లేదని తిప్పికొట్టింది. టికెట్టులో పేరు దిద్దించుకోవడానికి రెండు ఫోన్లు, ఒక మెయిలు పట్టాయి. తప్పు నాదే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు గాని, తెలుగువారు టికెట్టు కొనేటప్పుడు ఆధార్ కార్డును ఎదురుగా పెట్టుకొని అక్షరం అక్షరం చూసి రాయడం మేలు.

శంషాబాదులో గేటు దగ్గర బోర్డింగ్ పాసు కోడు చూపించి, కళ్లజోడు తీసి, కెమెరా వైపు చూడాలి. అమ్మ కొంగు సర్దుకొని, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకొని నిలబడింది. తలుపులు తెరుచుకున్నా కదలలేదు. ఫోటో తీసిన చప్పుడు కోసం చూస్తోందని నాకు కాసేపటికి అర్థమైంది.

ముఖం చూసి తెరుచుకునే గేటు వేరు, ఒళ్లు సోదా చేసే చోటు వేరు. మొదటిది మనమెవరో తేలుస్తుంది, మన దగ్గర ఏముందో తేల్చేది రెండోదే. అక్కడ ద్వారబంధంలాంటి లోహపు డిటెక్టరు అమ్మ మోకాలికి మోగింది. తెర చాటున మహిళా ఉద్యోగిని చేతి యంత్రం పెట్టి చూస్తే మళ్లీ అక్కడే మోగింది. అమ్మ చీర అంచు కాస్త పైకెత్తి కుట్ల మచ్చ చూపింది. నా సంచిలో ఉన్న ఆసుపత్రి కాగితం ఎవరూ అడగలేదు. ఇలాంటి వారికి మేలు చేసేవి మిల్లీమీటరు తరంగాలతో పనిచేసే బాడీ స్కానర్లు. అవి ఎక్స్‌రేలు కావు, చర్మం దాటి లోపలికి పోవు కనుక మోకాట్లోని లోహం వాటికి కనబడదు, బట్టల కింద ఉన్నదే కనబడుతుంది. తెర మీద వచ్చేది కూడా మన ఒళ్లు కాదు, అందరికీ ఒకటే అయిన బొమ్మ మీద ఒక గుర్తు. వీటిని పెట్టాలని పౌర విమానయాన భద్రతా విభాగం 2019లోనే ఆదేశించింది. మేము నడిచినది మాత్రం పాత ద్వారబంధం గుండానే.

కాశీ నుంచి ప్రయాగ వెళ్లి, త్రివేణీ సంగమంలో పితృకర్మలు చేసుకున్నాము. నేనూ మామయ్యా మీసంతో సహా గుండు చేయించుకున్నాము. ఆ రాత్రి అద్దంలో చూసుకున్నాక గాని గుర్తుకు రాలేదు, యాప్‌లో ఉన్నది ఒత్తైన జుట్టు, మీసం ఉన్న నా ముఖం. తిరుగు ప్రయాణం రోజున వారణాసి గేటు ముందు కళ్లజోడు తీసి, కొంచెం భయంగానే నిలబడ్డాను. క్షణంలో తెరుచుకుంది. ఈ యంత్రాలు చూసేది కళ్లు, ముక్కు, దవడల మధ్య కొలతలనే గాని జుట్టును కాదని చదివి ఉన్నా, ఆ క్షణంలో ఆశ్చర్యం కలగకపోలేదు.

మామయ్య మామూలు క్యూలో వచ్చాడు. జవాను ఆయన ఆధార్ కార్డునూ ముఖాన్నీ మూడుసార్లు మార్చి మార్చి చూసి, పుట్టిన సంవత్సరం అడిగాడు. మామయ్యకు హిందీ అంతంత మాత్రం. గుండు మీద అరచెయ్యి వేసుకొని "ప్రయాగ" అన్నాడు. జవాను నవ్వి వదిలేశాడు. అద్దం ఇవతల మేము ఆయన కోసం పది నిమిషాలకు పైగా నిలబడ్డాము, అమ్మ నా భుజం పట్టుకొని.

లోపల మళ్లీ ఆగింది ఆయన సంచే. సీలు వేసిన చిన్న గంగచెంబును చెక్-ఇన్ పెట్టెలో వెయ్యమంటే వినకుండా చేతిసంచిలో పెట్టుకున్నాడు. ఎక్స్‌రే తెర మీద బట్టలు, తిండి నారింజ రంగులోనూ, లోహాలు నీలంలోనూ కనబడతాయి. మందమైన లోహమైతే కిరణాలు దాటక నల్లగా వస్తుంది. ఆయన సంచి మధ్యలో నల్లటి ముద్ద కనబడింది. బయటికి తీయించి, బట్ట ముక్కతో చెంబు చుట్టూ తుడిచి, పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే యంత్రంలో పెట్టి చూశారు. ఏమీ లేదని తేలాక కూడా అక్కడి అధికారి చెంబును చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా ఆడించాడు. నీళ్ల చప్పుడు మాకూ వినబడింది. "గంగాజల్" అంటూ రెండు చేతులతో దాన్ని తిరిగి ట్రేలో పెట్టాడు.