చిట్టీ ఎవరికి ముందు?

కువైట్‌కు వచ్చిన మావాళ్లలో స్వార్థం ఎక్కువగా భయంలోంచి పుడుతుంది. ఏజెంటుకు కట్టిన డబ్బుకు ఊళ్లో మూడు రూపాయల మిత్తి నడుస్తుంటుంది. అకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ అవుతుందో లేదో తెలియదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే బోరు ఎండిందన్న మాటే. ఇన్ని టెన్షన్ల మధ్య చెయ్యి దానంతటదే బిగుసుకుపోతుంది. వంటగదిలో ఎవరి నూనె సీసా మీద వాళ్లు పెన్నుతో గీత పెట్టుకునేది అందుకే. "నా పిల్లల కోసమే కదా" అనుకుంటాం కాబట్టి అది బాధ్యతలాగే కనిపిస్తుంది.

మాది దేవరకొండ దగ్గర ఊరు. మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు నల్గొండలో, దేవరకొండలో, పాలమూరులో సువార్త చెప్పి నూరేళ్లు దాటింది. ఆ సంఘాల్లో పెరిగిన ఇళ్లలో గుప్పెడు బియ్యం సంగతి అందరికీ తెలుసు. మా అమ్మ ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు, ఒక గుప్పెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఆదివారం అవి మందిరానికి పోయేవి. కాలం కాని ఏడు మాకే కంట్రోల్ బియ్యం సరిపోయేవి కావు. అప్పుడు కూడా ముందు ఆ గుప్పెడు తీసేది, తర్వాతే మాకు కొలిచేది. మిగిలితే ఇద్దాం అన్న మాట ఆమె నోట నేను వినలేదు.

ఇక్కడ మా రూములో 10 మందిమి నెలకు 20 దినార్ల చొప్పున చిట్టీ వేస్తాం. చీటీలు తీస్తే ఒక జూన్‌లో నా పేరు వచ్చింది. బిడ్డ నర్సింగ్ ఫీజు కట్టాలి, 200 దినార్లు వస్తే తీరిపోతుంది. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ మధ్యాహ్నం అందరం రూములోనే ఉన్నాం. కొల్లాపూర్ తమ్ముడు నా మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఫోన్ చేతిలో పట్టుకొని తిప్పుతున్నాడు.

"అన్నా, ఈసారి చిట్టీ నాకిస్తవా? నా వంతు నువ్వు తీసుకో. ఆమెకు కాన్పు కష్టమైందట, ఆపరేషన్ చెయ్యాల్నంటున్నరు."

ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య ఎక్కువ ఆలోచించలేదు. "ఇయ్యి. కాలేజోళ్లను నేను అడుగుత. మన బిడ్డను దేవుడు ఎరగడా?" అంది.

ఇచ్చాను. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి చేరారు. మా ఫీజు మాత్రం ఆలస్యమైంది, ఫైన్ పడింది, నా భార్య కమ్మలు కుదువ పెట్టింది. ఎక్కడి నుంచో డబ్బు వచ్చి పడలేదు. ఇది చెప్పడం అవసరం అనుకుంటాను. పది ఇస్తే దేవుడు నూరు ఇచ్చాడన్న సాక్ష్యాలే మనం ఎక్కువగా వింటాం. అలా లెక్కేసుకొని ఇస్తే అది దేవునికి మిత్తికి ఇచ్చినట్టే. అందులో మళ్లీ నేనే ఉంటాను.

బైబిల్లోని సారెపతు ఊరి విధవరాలిని చూడండి. కరువులో, చివరి పిడికెడు పిండిలోంచి ముందు ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసి పెట్టింది. ఆమెకు గాదెలు నిండలేదు. తొట్టిలో పిండి తక్కువ కాలేదు, బుడ్డిలో నూనె అయిపోలేదు, అంతే. ప్రతి పొద్దున ఆ తొట్టి అడుగున చెయ్యి పెట్టి, ఈ రోజుకూ ఉందని ఆమె నమ్మాల్సిందే. కాంట్రాక్టు మీద బతికే మాకు ఇంతకన్నా దగ్గరి కథ బైబిల్లో మరొకటి లేదనిపిస్తుంది. నా బిడ్డ చదువు నా ఒక్కడి భుజాల మీదే ఉందనుకున్నంతకాలం ఎవరికీ ఏమీ ఇవ్వలేను. నా బిడ్డ నాకన్నా ముందు దేవుని బిడ్డ. ఆ మాట నమ్మాకే చెయ్యి వదులైంది.

ఇప్పుడు రూములో చీటీలు తీయడం మానేశాం. శుక్రవారం సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఆరాధన ముగించుకొని వచ్చాక అందరం కూర్చుంటాం. రూములో హిందువులున్నారు, ముస్లిం తమ్ముడొకడున్నాడు, వాళ్లూ కూర్చుంటారు. ఈ నెల ఎవరికి గట్టి అవసరమో మాట్లాడుకొని వాళ్లకే ఇస్తాం. పోయిన నెల మళ్లీ నా వంతు అనుకున్నారు. కమ్మలు విడిపించమని కొల్లాపూర్ తమ్ముడే పట్టుబట్టాడు.