ఆ నొప్పికి ఒక పేరుంది

మా కోనసీమలో ఆడపిల్ల పొత్తికడుపు నొప్పి అంటే "పెళ్లయితే అదే పోద్దిలే" అనేస్తారు. నేనూ ఏళ్ల తరబడి అదే విన్నాను. చివరికి కాకినాడలో లాప్రోస్కోపీ (పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడడం) చేస్తే ఎండోమెట్రియోసిస్ అని తేలింది. ప్రపంచంలో దాదాపు 19 కోట్ల మందికి ఉన్న జబ్బు! ఆ రోజు ఏడ్చేశాను, నా నొప్పి నిజమేనని ఒకరు చెప్పినందుకు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీదో పేగుల మీదో పెరుగుతుంది. నెలసరప్పుడు అక్కడ చేరిన రక్తంలోని ఎర్రకణాలు చితికి ఇనుము బయటపడుతుంది. అది కణాలని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని పుట్టిస్తుంది. వాటిని అణచడానికి ఒంట్లోని యాంటీఆక్సిడెంట్లు చాలకపోతే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. దాంతో వాపు పెరిగి, నరాలు రేగి, నొప్పి ఎక్కువవుతుంది. (ఇది చదివి రక్తహీనతకి ఇచ్చిన ఐరన్ మాత్రలు మానేయకండి, దయచేసి.)

యాంటీఆక్సిడెంట్లైన విటమిన్ సి, ఇ కలిపి ఇచ్చిన చిన్న ట్రయల్స్‌లో కొందరికి నొప్పి తగ్గింది. అంతేగానీ అవి జబ్బుని పోగొట్టవు. ఉసిరికాయ, జామకాయ, మునగాకు నేను ఇష్టంగా తింటాను, హార్మోన్ మాత్రలు మాత్రం మానను. వాట్సాప్‌లో అమ్మే పొడి డబ్బాలకి వేలు తగలేయొద్దు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో అసలు వేసుకోకూడదు.

మా పిన్ని కూతురు ఇంటర్ చదువుతోంది. నెలనెలా కాలేజీ మానేసి పడుకుంటోంది. పిన్నిని ఒప్పించాను, వచ్చే వారం గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను.