పేరు బిళ్ళ వేరు, లోపలి మర వేరు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తాతల నాటి సైకిలును అటక మీది నుంచో, గొడ్ల చావిడి మూల నుంచో బయటికి తీసినవారు మొట్టమొదట చూసేది హ్యాండిలు కింది గొట్టానికి బిగించిన పేరు బిళ్ళనే. ర్యాలీ అనో, హెర్క్యులిస్ అనో, హంబర్ అనో దాని మీద చదివి, ఆ పేరే చెప్పి దుకాణంలో గోళీలు తిరిగే కప్పో, దానికి ఆనే కోనో అడుగుతారు. దుకాణదారు ఇచ్చిన భాగాన్ని ఇంటికి తెచ్చి బిగించబోతే అది రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బలవంతంగా ఇంకో చుట్టు తిప్పితే గొట్టం లోపలి మర (థ్రెడ్) చెడుతుంది, పని లేత్ వర్క్‌షాపు దాకా పోతుంది. పాత సైకిళ్ళను బాగుచేసుకోవడం వ్యసనంగా పెట్టుకున్నవాడిగా నా అభిప్రాయం ఇది: ఆ సైకిలు ఏ పేరుతో అమ్ముడుపోయిందో బిళ్ళ చెబుతుంది గాని, దాని లోపలి భాగాలు ఏ కొలతకు తయారయ్యాయో చెప్పదు. అందుకు కొలబద్ద పట్టవలసిందే.

పేరును నమ్మలేకపోవడానికి కారణం ఆ కంపెనీల చరిత్రలోనే ఉంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన ర్యాలీ 1932లో హంబర్ సైకిళ్ళను, 1943లో రడ్జ్ విట్‌వర్త్‌ను, 1957లో బి.ఎస్.ఏ. సైకిళ్ళ విభాగాన్ని తనలో కలుపుకుంది; 1960లో హెర్క్యులిస్, ఫిలిప్స్ కూడా అదే గొడుగు కిందికి చేరాయి. కాబట్టి రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొన్న రడ్జ్‌కూ, యుద్ధం తరువాత కొన్న రడ్జ్‌కూ బిళ్ళ మీది చెయ్యి గుర్తు ఒకటే అయినా, రెండోదాని లోపల ఉండేవి ర్యాలీ కొలతలు. మన దేశం సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. 1949లో ఏర్పడిన టి.ఐ. సైకిల్స్ మద్రాసు దగ్గరి అంబత్తూరులో హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఏ. పేర్లతో సైకిళ్ళు తయారుచేసింది. ర్యాలీ, రడ్జ్, హంబర్, రాబిన్‌హుడ్ పేర్లతో బెంగాల్‌లోని ఆసన్‌సోల్ నుంచి సెన్ ర్యాలీ సైకిళ్ళు వచ్చాయి. అంటే ఒకే పేరున్న రెండు సైకిళ్ళలో ఒకటి ఓడ దిగినది, మరొకటి మన దేశంలోనే పుట్టినది కావచ్చు. బిళ్ళ అడుగు అంచున సన్నటి అక్షరాలతో మేడిన్ ఇంగ్లండ్ అని ఉందో, మేడిన్ ఇండియా అని ఉందో చూడటం పేరు చదవడం కంటే ముఖ్యం.

బిళ్ళ ఊడిపోయి, రంగు మీద రంగు పూసిన సైకిలును కూడా గుర్తుపట్టవచ్చు. మొదట పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం చూడాలి. కొంగ తలలు చెక్కినట్టు కనిపిస్తే అది ర్యాలీ, మూడు తుపాకులు నిలబెట్టిన గుర్తు ఉంటే బి.ఎస్.ఏ. (ఆ కంపెనీ తుపాకుల తయారీతోనే మొదలైంది). ఫోర్కులో ఒక్కో వైపు ఒకటికి బదులు రెండేసి సన్నటి గొట్టాలు ఉంటే అది హంబర్. అయితే పళ్ళ చక్రాన్నీ ఫోర్కునూ కూడా ఎప్పుడో ఒకసారి మార్చి ఉండవచ్చు గనుక ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. ఫ్రేము సంఖ్య సాధారణంగా సీటు కింది కీలు మీద గాని, పెడళ్ళ ఇరుసు గొట్టం అడుగున గాని అచ్చుగుద్ది ఉంటుంది. రంగు గీకేముందు దాన్ని వెతికి రాసిపెట్టుకోవాలి.

వయసు తేల్చడానికి మన జిల్లాల్లో మాత్రమే పనికొచ్చే ఒక ఆధారం ఉంది. సైకిలు అమ్మిన దుకాణంవారు వెనుక మడ్‌గార్డు మీదనో, సీటు గొట్టం మీదనో తమ పేరు, ఊరు, జిల్లా అచ్చువేసిన రేకునో స్టిక్కరునో అంటించేవారు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలోనూ, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనూ, మార్కాపురం కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. కాబట్టి ఆ రేకు మీద “ఒంగోలు, గుంటూరు జిల్లా” అని ఉంటే ఆ రేకు 1970కి ముందుదని దాదాపుగా చెప్పవచ్చు. మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిలు పన్ను కట్టించుకుని ఇచ్చిన బిళ్ళలు మరో ఆధారం. వాటి మీద సంవత్సరం ఉంటుంది కనుక ఆ సంవత్సరం నాటికి సైకిలు రోడ్డు మీద ఉందని తెలుస్తుంది. తుప్పుపట్టిన రేకు ముక్క అని వాటిని పారేసేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వెనుక చక్రం నడిమి హబ్బులోనే మూడు గేర్లుండే స్టర్మీ ఆర్చర్ రకం సైకిలైతే ఇంకా తేలిక. హబ్బు పైకప్పు మీద ఏ.డబ్ల్యు. అనే అక్షరాలతో పాటు సంవత్సరం చివరి రెండంకెలు, నెల సంఖ్య ఉంటాయి. 52 పక్కన 6 అని ఉంటే 1952 జూన్ అన్నమాట. ఈ ఏ.డబ్ల్యు. హబ్బు 1936లో మొదలైంది గనుక 1930ల చివరి హబ్బుల మీద ఒక్క అంకె మాత్రమే కనిపించవచ్చు. అయితే ఆ తేదీ హబ్బుదే గాని సైకిలుది కాదు. చక్రం మార్చి ఉంటే రెండింటికీ పొత్తు కుదరదు.

ఇక మర సంగతి. పాత సైకిళ్ళ పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది గనుక కొంచెం నిదానంగా చెబుతాను. పెడళ్ళ ఇరుసు కప్పులకు చాలా బ్రిటిష్ కంపెనీలు బి.ఎస్.ఏ. కొలతను పాటించాయి, అందులో అంగుళానికి 24 చుట్లు ఉంటాయి. మన దుకాణాల్లో ఇప్పటికీ దొరికే మామూలు బి.బి. (పెడళ్ళ ఇరుసు) కప్పులు ఆ కొలతకే సరిపోతాయి. నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీ మాత్రం తన కప్పులకూ, ఫోర్కు పైకొసకూ అంగుళానికి 26 చుట్ల మర పెట్టుకుంది. కప్పు వ్యాసం ఇంచుమించు ఒకటే, అంగుళమూ మూడు ఎనిమిదో వంతు. అందువల్ల చేత్తో పట్టుకుని చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. మొదటి రెండు చుట్లు తిరిగి పట్టేసే కప్పు కథ ఇదే. మర చుట్లు కొలిచే థ్రెడ్ గేజి లేనివారికి ఒక ఉపాయం ఉంది. బ్రిటిష్ సైకిలు వెనుక చక్రపు మామూలు ఇరుసు అంగుళంలో మూడు ఎనిమిదో వంతు లావుతో, అంగుళానికి 26 చుట్లతో ఉంటుంది. పాత కప్పు మరకు ఆ ఇరుసు మరను ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. పళ్ళు మొదటినుంచి చివరిదాకా ఒకదానిలో ఒకటి కూర్చుంటే అది ర్యాలీ మర; కొద్దిదూరం పోగానే పన్ను మీదికి పన్ను ఎక్కితే 24 చుట్ల మర. ఈ పరీక్షకు పట్టే సమయం చాలా కొద్ది, అది తప్పించే నష్టం చాలా పెద్దది.

కప్పు విప్పేటప్పుడు మరో జాగ్రత్త. చైను ఉన్న వైపు, అంటే కుడివైపు కప్పు ఎదురు మరతో ఉంటుంది. దాన్ని విప్పడానికి గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిప్పాలి. ఎడమ పెడలుది కూడా ఎదురు మరే. అది తెలియక పెద్ద పానా తగిలించి అవతలి దిక్కుకు లాగితే విప్పడానికి బదులు మరింత బిగుసుకుంటుంది. కుడివైపు కప్పు లోపల గోళీలు తిరిగే బాట గుంటలు పడకుండా ఉంటే దాన్ని విప్పకుండా అలాగే ఉంచి శుభ్రం చేసుకోవడమే మేలని నా నమ్మకం.

ర్యాలీ కప్పులు కొత్తవి మన ఊళ్ళలో దొరకవు. కాని చాలాసార్లు కప్పు మార్చవలసిన అవసరమే ఉండదు. అరిగేవి గోళీలు, ఆ తరువాత ఇరుసు. గోళీలు కొలతకు దొరికితే చాలు: పెడళ్ళ ఇరుసుకు పావు అంగుళానివి పక్కకు 11, వెనుక చక్రానికి అవే పక్కకు 9, ముందు చక్రానికి అంగుళంలో పదహారింట మూడు వంతులవి పక్కకు 10, ఫోర్కు కప్పుల్లోకి అంగుళంలో ముప్పైరెండింట అయిదు వంతులవి. పాతవాటిలో ఒకటి రెండు బాగున్నాయని ఉంచుకుని మిగిలినవి కొత్తవి కలపకూడదు. వెంట్రుకవాసి పెద్దదైన గోళీ మొత్తం బరువు మోసి కప్పును తొలిచేస్తుంది. కోన్లను లేత్ మీద తిప్పించుకునేవారు ఉన్నారు. ఆకారం చక్కగానే వస్తుంది, కాని మామూలు ఇనుముతో చేసి వేడిచేసి గట్టిపరచకపోతే గోళీల ఒత్తిడికి కొద్దికాలంలోనే గుంటలు పడతాయి. లేత్ టర్నరుతో మాట్లాడేటప్పుడు ఏ ఉక్కు వాడతారో, వేడిచేసి గట్టిపరుస్తారో లేదో ముందే అడగాలి.

కాటర్ పిన్నుల విషయం దుకాణాల్లో చాలా అలక్ష్యంగా నడుస్తుంది. క్రాంకును, అంటే పెడలు తగిలించే కమ్మీని, ఇరుసుకు బిగించే ఈ చిన్న చీల, ర్యాలీ సైకిళ్ళలో తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల లావుది. సన్నటిది వేస్తే ఎంత బిగించినా క్రాంకు ఊగుతూనే ఉంటుంది. బజారులో దొరికే పిన్నుల్లో కొన్ని మరీ మెత్తటివి. ఆకురాయితో పిన్ను చదునుముఖాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తూ సరిచూసుకోవాలి. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల నుంచి దూర్చాలి. లేకపోతే రెండు పెడళ్ళూ ఒకే గీత మీదికి రావు. పాత పిన్ను తీసేటప్పుడు క్రాంకు కింద ఇనుప గొట్టం ఆనించకుండా సుత్తితో కొడితే దెబ్బ అంతా గోళీల మీద, కప్పుల మీద పడుతుంది. కుడి క్రాంకుకూ పళ్ళ చక్రానికీ మధ్య చాలా సైకిళ్ళలో విడదీయరాని అతుకు ఉంటుంది గనుక పళ్ళు అరిగితే రెండూ కలిపి మార్చాలి.

టైర్ల విషయంలో మనం అదృష్టవంతులమే. అంగుళాల లెక్కలో 28 × 1½ అని రాసి ఉన్న నల్లసైకిలు టైరు మన దేశంలో ఇంకా తయారవుతూనే ఉంది. పక్కన 635 అని చిన్న అంకె ఉంటుంది, అది రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం, మిల్లీమీటర్లలో. కొత్తరకం సైకిళ్ళ 28 అంగుళాల టైరు 622. అంకె ఒక్కటే అయినా ఒకదాని రిమ్ముకు మరొకటి ఎక్కదు. ఆడవారి సైకిళ్ళలోనూ, ర్యాలీ స్పోర్ట్స్ రకంలోనూ కనిపించే 26 × 1⅜ టైరు కొలత 590. పుల్లల (స్పోకుల) లెక్క కూడా చూసుకోవాలి. పాత సైకిళ్ళ ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండటం పరిపాటి; 36 రంధ్రాల రిమ్ము తెచ్చి పాత హబ్బుకు కట్టమంటే ఎంత నేర్పరి అయినా చేయగలిగింది లేదు. రాడ్ బ్రేకుల రబ్బర్లు రిమ్మును లోపలివైపు నుంచి పైకి పట్టుకుంటాయి గనుక దానికి వంపు అంచున్న వెస్ట్‌వుడ్ రిమ్ము ఉండాలి, చదును పక్కలున్న రిమ్ముతో బ్రేకు పట్టదు.

భాగాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు నా మొదటి జవాబు పాత మెకానిక్కు దుకాణంలోని తుప్పుపట్టిన డబ్బా. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనో, కావలిలోనో, ఒంగోలులోనో నలభై యాభై ఏళ్ళుగా నడుస్తున్న దుకాణాల్లో విప్పేసిన నట్లు, కోన్లు, ఇరుసులు గుట్టగా ఉంటాయి. యజమానికి వాటి విలువ తెలుసు గాని కొనేవారు రారు. అక్కడికి పేరు పట్టుకుని కాదు, పాత భాగం పట్టుకుని పోవాలి. నాకు తెలిసిన ఒక పెద్దాయన “పాత నట్టు చేతిలో లేకుండా రాబాక సామీ” అని మొహం మీదే అంటాడు. ఆయన మాట కటువుగా ఉన్నా పద్ధతి అదే. పెద్ద ఊళ్ళలో మద్రాసు పుదుపేట, హైదరాబాదు జుమ్మేరాత్ బజారు వంటి పాత సామాను సంతలకు పోవచ్చు. అక్కడ సైకిలు భాగం కనబడటం అదృష్టం మీద ఆధారపడినది. బజారులో కొత్తగా దొరికే భాగాల్లో చాలావరకు లూధియానావి, అవి 24 చుట్ల లెక్కకు తయారైనవి. గోళీలు, ఫ్రీవీల్, చైను, బ్రేకు రబ్బర్ల వంటి వాటికి అవి నిక్షేపంగా పనికొస్తాయి.

విడిభాగాల కోసం పాడుబడిన సైకిలు కొనేవారికి ఒక మాట. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో పెరిగిన సైకిలు పైకి మెరిసినా, ఉప్పుగాలి గొట్టాల్లోకి దూరి సీటు కాడను ఫ్రేముతో ఒకటి చేసేస్తుంది. కనిగిరి, పొదిలి మెట్ట ఊళ్ళ సైకిళ్ళు రంగు వెలిసి దుమ్ముకొట్టుకుపోయి ఉన్నా లోపలి ఇనుము తరచూ బాగుంటుంది. అంగడి ముందు తళతళలాడే వస్తువు కంటే ఆ దుమ్ము సైకిలుకే నేను ఎక్కువ ధర ఇస్తాను. ఎటొచ్చీ డబ్బు ఇచ్చే ముందు సీటు కాడ, హ్యాండిలు కాడ ఒక్కసారి కదులుతాయేమో చూడాలి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి ఆగాలి, నిప్పు జోలికి పోకూడదు. వేడికి పాత రంగుతో పాటు దానిపై ఉన్న బంగారు గీతలు, కంపెనీ గుర్తులు పోతాయి.

స్టర్మీ ఆర్చర్ గేర్లకు మాత్రం ఇప్పటికీ దిక్కు ఉంది. నాటింగ్‌హామ్‌లో ఆ కంపెనీ 2000లో మూతపడ్డాక తైవానుకు చెందిన సన్‌రేస్ ఆ పేరును కొని తయారీ కొనసాగిస్తోంది. గేరును లాగే చిన్న గొలుసు, మూడు కొక్కేల చిన్న పళ్ళ చక్రం వంటివి తెప్పించుకోవచ్చు. గొలుసు కొనేముందు హబ్బు ఇరుసు పొడవు కొలవాలి, పొడవును బట్టి గొలుసు మారుతుంది. ఆ హబ్బుల్లో గ్రీజు కూరకూడదు. పక్కనున్న చిన్న మూత తీసి పలుచటి నూనె చుక్కలు వేయాలి. డైనమోలకు ఆరు వోల్టుల మర బల్బులు ఇప్పటికీ దొరుకుతాయి, కాని వాటి వాట్లు డైనమో మీద రాసి ఉన్న సంఖ్యకు సరిపోవాలి. వెనుక దీపం బల్బు కాలిపోతే ముందు దీపం మీద వోల్టేజి ఎక్కువై అదీ కాలిపోతుంది, రెండింటినీ కలిపే మార్చాలి.