తాడిపత్రి యార్డులో పాత రోప్ క్రేన్: బ్రేక్ లైనింగ్, కొత్త రోప్

తాడిపత్రిలో మా చిన్నాన్న వాళ్ల గ్రానైట్ యార్డులో ఉన్న పాత రోప్ క్రేన్ పని ఈ నెల బాగా ముందుకు సాగింది. ఇందులో హైడ్రాలిక్స్ లేవు. ఇంజన్, గేర్లు, డ్రమ్ములు, ఫ్రిక్షన్ క్లచ్‌లు, బ్యాండ్ బ్రేకులు, యాంగిళ్లతో అల్లిన బూమ్ (బరువెత్తే పొడవాటి చేయి), అంతే. ఆదివారాలు నేను రిపేరు చేస్తాను, మిగతా రోజులు అది బ్లాకులు ఎత్తుతుంది.

ముందు హాయిస్ట్ బ్రేక్, అంటే బరువు ఎత్తే డ్రమ్‌ను ఆపే బ్రేక్, విప్పాను. లైనింగ్ రివెట్ల తలల దాకా అరిగింది. డ్రమ్ మీద మాత్రం గాట్లు పడలేదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుందనే అనుకోవాలి, అందుకే గాలి కొట్టకుండా తడిపి, మాస్కు పెట్టుకుని ఊడదీశాను. కొత్త లైనింగ్ మొదట్లో డ్రమ్‌ను అంతటా తాకదు. తేలిక బరువుతో దించుతూ ఆపుతూ, లైనింగ్ మీద రాపిడి మెరుపు చుట్టూ సమానంగా వచ్చాకే బ్లాకు తగిలించాం.

అసలు పని రోప్‌ది. రోప్‌లో తీగలు మెలితిప్పిన ఒక్కో పాయను పేట అంటారు. ఒక పేట రోప్ చుట్టూ ఒక చుట్టు తిరిగే పొడవులో ఆరు తీగలు తెగినా, అందులో ఒకే పేటలో మూడు తెగినా ఆ రోప్ తీసేయాలి. గుడ్డ పట్టుకుని నెమ్మదిగా జరుపుతుంటే తెగిన తీగ గుడ్డను పట్టేస్తుంది. కప్పీ మీద నడిచే భాగంలో ఒకే పేటలో నాలుగు దొరికాయి.

“ఇంకో నెల లాగుతుందిలే అన్నా” అన్నాడు ఆపరేటర్.

“లేదబ్బీ, దీని కింద మనుషులు తిరుగుతారు. ఇప్పుడే మార్చాల.”

రోప్ ఒక్కటే మారిస్తే చాలదు. బూమ్ కొసన ఉన్న కప్పీ గాడిలో పాత రోప్ అచ్చు స్క్రూ మరల్లా దిగి ఉంది. అది అలాగే ఉంటే కొత్త రోప్‌ను తినేస్తుంది. కాబట్టి కప్పీ కూడా కొత్తదే వేశాం. రోప్ చివరను చీలతో బిగించి పట్టే వెడ్జ్ సాకెట్‌లో బరువు మోసే వైపు పిన్నుకు తిన్నగా రావాలి, క్లిప్పు బరువు మోయని తోక వైపు మాత్రమే పడాలి. రెండు వైపులనూ కలిపి క్లిప్పు బిగించడం సైట్లలో చాలాచోట్ల చూస్తాం, అది తప్పు.

ఇక్కడ ఇంకో బాధ కటింగ్ దుమ్ము. చిక్కటి గ్రీజు పూస్తే రాతి పొడి అంటుకుని ఆకురాయిలా పనిచేస్తుంది. అందుకే వైర్ బ్రష్‌తో రుద్ది, పేటల్లోకి ఇంకే పల్చటి రోప్ ఆయిల్ వేస్తున్నాను.

ఈ బండికి బరువు చూపే మీటరు లేదు. టేపే మీటరు. గ్రానైట్ ఘనమీటరుకు సుమారు 2.7 టన్నులు. 2.4 × 1.5 × 1.2 మీటర్ల బ్లాకంటే దాదాపు 11.7 టన్నులు, దానికి హుక్ ఉన్న కప్పీ, రాయికి కట్టే స్లింగుల బరువు కలపాలి. బూమ్ వాలేకొద్దీ ఎత్తగలిగే బరువు తగ్గుతుంది, కాబట్టి ఏ వాలులో ఎంత ఎత్తొచ్చో చెప్పే చార్టు చూడకుండా లివర్ పట్టుకోకూడదు. ప్రతి పెద్ద బ్లాకునూ ముందు బెత్తెడు లేపి బ్రేక్ మీద నిలబెడతాం. కొంచెం జారినా దించేయాల్సిందే.

ఇలాంటి యంత్రాన్ని కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్నవాళ్లు క్షుణ్ణంగా పరీక్షించాలి. ఆ పరీక్షకు వచ్చే ఆయన కోసం వచ్చే ఆదివారం బూమ్ డ్రమ్ పాల్ (డ్రమ్ వెనక్కి తిరగకుండా పళ్లలో పడి ఆపే కొక్కెం) విప్పి, పళ్లు, స్ప్రింగ్ శుభ్రం చేసి పెడతాను. పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉంటే కొత్తది చేయించేదాకా క్రేన్ ఆగుతుంది. చిన్నాన్నకు ఈ మాట ముందే చెప్పాను, ఒప్పుకున్నాడు.