తక్కువ ధరలో అకూస్టిక్ గిటారు: ముందు చేతికి లొంగాలి, తరువాత చెవికి నచ్చాలి

అకూస్టిక్ గిటారు కొత్తగా కొనదలచినవారు ఎక్కువగా అడిగే ప్రశ్న, ఏ గిటారు మంచి నాదం ఇస్తుంది అన్నది. ఆ ప్రశ్న సహజమైనదే. అయితే నేర్చుకోబోయే పిల్లలకూ పెద్దలకూ తోడుగా దుకాణాలకు వెళుతూ, 8 వేల నుంచి 25 వేల రూపాయల మధ్య దొరికే గిటార్లను చాలాకాలంగా పరిశీలిస్తూ వచ్చిన నాకు ఈ విషయంలో ఒక స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది. ఈ ధరల్లో ముందుగా చూడవలసింది నాదం కాదు, గిటారు వేళ్లకు ఎంత సులువుగా లొంగుతుందన్నది. నాదం ఎంత బాగున్నా తీగలు నొక్కడానికి కష్టమయ్యే గిటారును కొత్తవారు నెల తిరగకముందే మూలన పెట్టేస్తారు. నాదం కాస్త సాదాగా ఉన్నా చేతికి హాయిగా ఉండే గిటారును రోజూ తీస్తారు, రోజూ తీసినవారికే చెయ్యి తిరుగుతుంది.

వాయించడంలోని సులువును నిర్ణయించే వాటిలో మొదటిది, తీగకూ ఫ్రెట్‌కూ, అంటే గిటారు మెడ (నెక్) మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీకీ మధ్య ఉండే ఎత్తు. దీన్నే యాక్షన్ అంటారు. పన్నెండో ఫ్రెట్ మీద అన్నిటికంటే లావైన తీగ కింద ఈ ఎత్తు సుమారు 2.4 మిల్లీమీటర్లు, అన్నిటికంటే సన్నని తీగ కింద సుమారు 1.8 మిల్లీమీటర్లు ఉంటే, స్టీలు తీగల గిటారు మీద కొత్తవారి వేళ్లు కూడా పెద్దగా శ్రమపడవు. తక్కువ ధర గిటార్లలో ఇది 3 మిల్లీమీటర్లు దాటి ఉండడం మామూలే. దీనికి కారణం ఉంది. యాక్షన్ తగ్గించాలంటే ఫ్రెట్లన్నీ ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే తీగ పక్క ఫ్రెట్‌కు తగిలి జరజరలాడుతుంది. ఒక్కొక్క గిటారును చేతితో సరిచూడడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, ఎక్కడా శబ్దం చెడకుండా తీగలను కాస్త ఎత్తులోనే ఉంచి ఫ్యాక్టరీ నుంచి పంపిస్తారు. కొనేటప్పుడు వెంట ఒక చిన్న స్టీలు స్కేలు తీసుకువెళ్లాలి. దాని గీతలు అంచు నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే సున్నాకు ముందు కొంత ఖాళీ వదిలిన ప్లాస్టిక్ స్కేలుతో ఈ కొలత సరిగా రాదు.

రెండోది నట్, అంటే నెక్ చివర తీగలు ఆనుకునే చిన్న పట్టీ. నా దృష్టిలో దీనికి దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదు. నట్‌లో తీగలు కూర్చునే గాడులకు లోతు చాలకపోతే మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర తీగ నొక్కడమే కష్టమవుతుంది, ఆ పైన ఎఫ్ మేజర్ వంటి బారె కార్డులు, అంటే ఒకే వేలిని తీగలకు అడ్డంగా నొక్కిపట్టి పలికించే స్వరసముదాయాలు, అసాధ్యమనిపిస్తాయి. ఎఫ్ కార్డు రావడం లేదని తమ వేళ్లనే నిందించుకునే విద్యార్థుల్లో చాలామంది చేతుల్లో ఉన్నది నట్ ఎత్తైన గిటారు. పరీక్ష తేలిక: ఒక్కొక్క తీగనూ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగ ఎంత ఎత్తులో ఉందో చూడాలి. సన్నని కాగితం దూరేంత సందు చాలు. అంతకు మించి స్పష్టంగా కనిపిస్తే నట్‌ను సరిచేయించాలి.

మూడోది నెక్ వంపు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కిపట్టి, ఆరు, ఏడు ఫ్రెట్ల దగ్గర తీగ కింది సందును చూస్తే అది సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు, అంటే విజిటింగ్ కార్డు మందం ఉండాలి. ఎక్కువ తక్కువలను నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని తిప్పి సవరిస్తారు. అయితే ట్రస్ రాడ్ ఉన్నది నెక్ వంపును సరిచేయడానికే, యాక్షన్ తగ్గించడానికి కాదు. యాక్షన్ తగ్గించాలంటే బ్రిడ్జి (పై పలక మీద తీగలు బిగించే చెక్క) మీది శాడిల్‌ను, అంటే తీగలు ఆనే సన్నని పట్టీని, కింది వైపు నుంచి అరగదీయాలి, పన్నెండో ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దగ్గర 2 మిల్లీమీటర్లు తగ్గించాలి. కాబట్టి కొనేటప్పుడే శాడిల్ బ్రిడ్జి పైకి తగినంత ఎత్తుగా ఉందో లేదో చూసుకోవాలి. అది అప్పటికే బ్రిడ్జిలో కూరుకుపోయినట్టు ఉండి, యాక్షన్ ఇంకా ఎక్కువగా ఉంటే ఆ గిటారును సవరించే మార్గం దాదాపు మూసుకుపోయినట్టే.

ఈ పనులన్నిటినీ కలిపి సెటప్ అంటారు. గిటారుకు కేటాయించిన మొత్తమంతా గిటారు మీదే పెట్టకుండా, అందులో సుమారు పదో వంతు సెటప్‌కూ కొత్త తీగలకూ విడిగా ఉంచుకోవాలన్నది ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచిన మాట. 12 వేల గిటారును ఉన్నదున్నట్టు వాయించడం కంటే 10 వేల గిటారుకు మంచి పనివాడి చేత సెటప్ చేయించుకుని వాయించడం మేలు. 4, 5 వేల రూపాయల గిటార్ల విషయంలో మాత్రం ఈ మాట చెప్పలేను. వాటిలో కొన్నింటికి పనిచేసే ట్రస్ రాడ్ ఉండదు, ఫ్రెట్ల మట్టమూ నమ్మకంగా ఉండదు, అక్కడ సెటప్‌కు పెట్టిన డబ్బు నిలవదు.

ఇక నాదం సంగతి. అకూస్టిక్ గిటారు నాదంలో సింహభాగం పై పలకది, అంటే సౌండ్ హోల్ ఉండే ముందు వైపు పలకది. ఈ సంగతిని నిరూపించడానికి స్పెయిన్ గిటారు నిర్మాత ఆంటోనియో డి టొర్రెస్ 1862లో పక్కలూ వెనుక భాగమూ కాగితపు గుజ్జుతో చేసి, పై పలకను మాత్రం మంచి స్ప్రూస్ కలపతో అమర్చి ఒక గిటారు తయారుచేశాడు. తక్కువ ధర గిటార్లలో పై పలక సాధారణంగా ప్లైవుడ్. పలుచని పొరలను ఒకదానికొకటి అడ్డంగా జిగురుతో అంటించడం వల్ల అది బలంగా ఉంటుంది కానీ అంత స్వేచ్ఛగా కంపించదు. సాలిడ్ టాప్ అన్నప్పుడు మందమంతా ఒకే కలప. తేలికగా ఉంటూనే బిగువు గల స్ప్రూస్ వంటి కలప సన్నని మీటుకు కూడా పలుకుతుంది, గట్టిగా మీటినప్పుడు మరింత విచ్చుకుంటుంది. వివరాల పట్టికలో స్ప్రూస్ టాప్ అని మాత్రమే రాసి సాలిడ్ అన్న మాట లేకపోతే అది ప్లైవుడ్ అని అనుకోవడమే క్షేమం. దుకాణంలో సౌండ్ హోల్ అంచును వెలుతురులో చూసినా తెలుస్తుంది: పైన కనిపించే కలప చారలు అంచు మీదుగా కిందికి కొనసాగితే సాలిడ్, అంచులో పొరలు కనిపిస్తే ప్లైవుడ్.

వెనుక కలప పేరుకు ఎక్కువ డబ్బు పెట్టకండి. మన అడవుల జిట్రేగి, అంటే ఇండియన్ రోజ్‌వుడ్, ప్రపంచమంతటా ఖరీదైన గిటార్లకు వెన్నుగా వాడే కలప, దాని అందం పట్ల నాకూ మక్కువే. కానీ ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వెనుక, పక్కల కలపలు మాత్రమే వేరుగా ఉన్న ఆరు గిటార్లను 52 మంది వాద్యకారులు అవేమిటో కంటికి తెలియకుండా వాయించి చూసినప్పుడు, ఖరీదైన కలపలకు చౌక కలపల కంటే చెప్పుకోదగ్గ ఆధిక్యం కనిపించలేదు. నేను మాట్లాడుతున్న ధరల్లో వెనుక భాగం ఎలాగూ ప్లైవుడే కాబట్టి, పై పొర రోజ్‌వుడ్ అయినా మరొకటైనా దాన్ని చూసి మనసు మార్చుకోనవసరం లేదు. అదే విధంగా, 10 వేల లోపు గిటారులో ముందే అమర్చిన పికప్ (నాదాన్ని స్పీకరుకు పంపే పరికరం) కోసం ఆశపడడం కూడా నాకు సమ్మతం కాదు. చర్చి గాయకబృందంలోనో కాలేజీ వేదిక మీదో వాయించేవారికి స్పీకరు అవసరం నిజమే, కానీ సౌండ్ హోల్‌కు తగిలించుకునే పికప్‌ను తరువాత కొనుక్కోవచ్చు. ఆ డబ్బు మొదట చెక్కకూ నెక్‌కూ వెళ్లాలి.

పరిమాణం విషయంలో చాలామంది ఆలోచించకుండా డ్రెడ్‌నాట్ ఆకారాన్ని తీసుకుంటారు. మార్టిన్ సంస్థ 1916లో వేరొక సంస్థ పేరు మీద తయారుచేసి, 1931 నుంచి తన పేరుతో అమ్మిన ఈ పెద్ద ఆకారానికి ఆనాటి బ్రిటిష్ యుద్ధనౌక పేరే పెట్టారు. పదిమంది పాడుతుండగా కార్డులు మీటడానికి దాని బలమైన మంద్రనాదం చక్కగా సరిపోతుంది. ఒంటరిగా కూర్చుని ఒక్కొక్క తీగనూ వేళ్లతో మీటుకునేవారికీ, చిన్న శరీరం గలవారికీ, పన్నెండు పదమూడేళ్ల పిల్లలకూ మాత్రం దానికంటే చిన్నదైన కాన్సర్ట్ ఆకారం ఎక్కువ నప్పుతుంది. యమహా ఎఫ్‌జి800, ఎఫ్‌ఎస్800 మోడళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది: రెండిటికీ సాలిడ్ స్ప్రూస్ పై పలక, 43 మిల్లీమీటర్ల నట్ వెడల్పు; మొదటిది పెద్దది, తీగ నిడివి 650 మిల్లీమీటర్లు; రెండోది చిన్నది, తీగ నిడివి 634 మిల్లీమీటర్లు. ఈ 16 మిల్లీమీటర్ల తేడా వల్ల అవే తీగలు అదే శ్రుతిలో సుమారు 5 శాతం తక్కువ బిగువుతో ఉంటాయి. మన పాటల్లోని గమకాలను తీగ పక్కకు లాగి పలికించాలనుకునేవారికి ఇది చిన్న లాభం కాదు. దానికి తోడు 12-53 తీగల బదులు అంతకంటే సన్నని 10-47 తీగలు (ఈ అంకెలు అన్నిటికంటే సన్నని, లావైన తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసుకుంటే నాదం కొంత పలుచనైనా వేలికి తీగ ఎంతో మెత్తగా ఒదుగుతుంది.

సుమారు 10 వేల దగ్గర ఆగిపోవలసినవారికి నేను నిస్సంకోచంగా చెప్పేది యమహా ఎఫ్310. పై పలక ప్లైవుడే అయినా తీగ నిడివి 634 మిల్లీమీటర్లు కావడం, నెక్ నాణ్యత ఒక గిటారుకూ మరొక గిటారుకూ పెద్దగా మారకపోవడం దాని బలాలు. సుమారు 20 వేలు, ఆ పైన పెట్టగలిగినవారు ఎఫ్‌జి800, ఎఫ్‌ఎస్800, ఫెండర్ సిడి-60ఎస్ వంటి సాలిడ్ టాప్ గిటార్లను చూడాలి. ఈ రెండు మెట్ల మధ్య ధరల్లో కొనడం కంటే, వీలైతే కొన్నాళ్లు ఆగి పై మెట్టుకు వెళ్లడమే నా సలహా.

అయితే సాలిడ్ టాప్ తేమకు త్వరగా స్పందిస్తుంది. గిటారు కలపకు 45 నుంచి 55 శాతం తేమ అనుకూలం. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో వానాకాలం పలక ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది. తెలంగాణ ఎండల్లో, రోజంతా ఏసీ నడిచే గదుల్లో కలప ఎండి ముడుచుకుని ఫ్రెట్ల కొనలు చేతికి గీరుకుంటాయి, కొన్నిసార్లు పలక పగులుతుంది కూడా. గిటారును పెట్టెలో భద్రపరిచే ఓపిక లేనివారికీ, హాస్టలు గదిలో గోడకు ఆనించి ఉంచేవారికీ ప్లైవుడ్ గిటారే సరైన ఎంపిక. అది నాదంలో ఓడినా వాతావరణాన్ని తట్టుకుంటుంది.

దుకాణంలో గిటారును ముందుగా శ్రుతి చేయించి, తరువాతే వినాలి. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్‌నూ నొక్కి, ఎక్కడైనా జరజర వస్తోందా అని ఓపికగా చూడాలి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను వేలితో తాకీ తాకకుండా మీటినప్పుడు వచ్చే స్వరమూ, అక్కడే పూర్తిగా నొక్కినప్పుడు వచ్చే స్వరమూ ఒకటే కావాలి. ట్యూనర్ యాప్‌లో తేడా ఎక్కువగా కనిపిస్తే ఆ గిటారు పై ఫ్రెట్ల దగ్గర ఎప్పుడూ అపశ్రుతి పలుకుతుంది. నాదం ముందుకు సాగుతుంది కాబట్టి ఒకసారి వేరొకరి చేత వాయించి ఎదురుగా నిలబడి వినాలి. ఎందరి చేతుల చెమటో పట్టిన పాత తీగల వల్ల మంచి గిటారు కూడా అక్కడ మొద్దుగా వినిపించవచ్చు, అందుకే రెండు గిటార్లను పోల్చేటప్పుడు వాటి తీగల వయసునూ లెక్కలోకి తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొనేవారు ఈ కొలతలూ పరీక్షలూ అన్నీ వాపసు గడువు లోపలే ముగించాలి.

పాత గిటారు కొనేవారికి సాలిడ్ టాప్ తక్కువ ధరకే దక్కే అవకాశం ఉంది, కొంత పరిచయం ఉన్నవారికి ఇది మంచి దారి కూడా. బ్రిడ్జి వెనుక అంచు దగ్గర కాగితం ముక్కను దూర్చి చూస్తే, అది లోపలికి వెళ్లినచోట జిగురు ఊడుతున్నట్టు. పై పలకను పక్క నుంచి చూసినప్పుడు బ్రిడ్జి వెనుక కొద్దిపాటి ఉబ్బు మామూలే, కానీ బ్రిడ్జి ముందుకు వాలి సౌండ్ హోల్ వైపు పలక కుంగినట్టుంటే లోపలి పట్టీలు వదిలాయని అర్థం. వీటిలో ఏదైనా కనిపిస్తే, లేదా శాడిల్ పూర్తిగా అరిగినా యాక్షన్ 3 మిల్లీమీటర్లకు పైనే ఉంటే, అమ్మేవారు ఎంత ధర తగ్గించినా దాన్ని వదిలి మరొకటి వెతుక్కోవాలి.